అపార్ట్‌మెంటు నీళ్ళకు రాత్రి లెక్క: ఒక కర్ర, ఒక నోట్‌బుక్, ఒక స్క్రూడ్రైవర్

నేనేం ఉద్యోగం చేస్తానని నెల్లూరు చుట్టాలు ఎవరైనా అడిగితే మా అత్తయ్య నా కన్నా ముందే జవాబు చెబుతుంది. "పైపులకు చెవి పెట్టి వింటుంది" అని. అందులో అబద్ధమేమీ లేదు. ఊళ్ళకు నీళ్ళిచ్చే సంస్థలు శుద్ధి చేసి పంపిన నీళ్ళలో ఇళ్ళకు చేరేదెంత, దారిలో మాయమయ్యేదెంత తేల్చడమే నా పని. ఈ వృత్తిలో అందరూ చెప్పుకునే కథ నాంపెన్‌ది. కంబోడియా రాజధాని. 1993లో అక్కడ నూటికి 72 వంతుల నీళ్ళు లెక్కలోకి రాకుండా పోయేవి. ఎక్ సోన్ చాన్ అనే ఇంజనీరు ఆ సంస్థ పగ్గాలు పట్టాక అది 6 శాతం దగ్గరికి దిగింది. పైపులు మార్చారు, ప్లాంట్లు బాగు చేశారు, నిజమే. కానీ అన్నిటికన్నా కష్టమైంది ప్రతి ఇంటికీ మీటరు పెట్టడం. ఒక సైనికాధికారి ఇంటికి మీటరు పెట్టడానికి వెళితే తలకు తుపాకీ గురిపెట్టారని ఆయనే చెప్పారు. 2006లో ఆయనకు మెగసెసె అవార్డు వచ్చింది.

ఇలాంటివన్నీ నలుగురికీ చెప్పే నాకు, చెన్నై వేళచ్చేరిలో నేనుంటున్న అపార్ట్‌మెంటు సంపు కొలతలు మొన్న మే నెల దాకా తెలియవు. 16 ఫ్లాట్లు, 60 మంది మనుషులు. నెలకు పది ట్యాంకర్ లారీలు. అసోసియేషన్ మీటింగులో ఇంకో బోరు వేద్దామని తీర్మానం అయిపోబోతుంటే, వారం ఆగండి, లెక్క చూద్దాం అన్నాను. ఆ వారంలో ఏం చేశానో ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనూ చేసుకోవచ్చు. ఖర్చు మూడొందలు కూడా కాదు.

ముందు కర్ర

సంపు లోపలి పొడవు, వెడల్పు కొలవండి. మాది 4 మీటర్లు, 3 మీటర్లు. అంటే 12 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు నీళ్ళు పెరిగితే 120 లీటర్లు వచ్చినట్టు. పైన ట్యాంకు రెండున్నర మీటర్లు, రెండు మీటర్లు. దానికి సెంటీమీటరుకు 50 లీటర్లు. ఈ రెండు అంకెలు సంపు మూత మీద పెయింటుతో రాయించండి. ఆ తరువాత నిటారుగా ఉండే పీవీసీ పైపు ముక్క ఒకటి తీసుకుని, దానికి టైలరు టేపు అంటించండి. టేపు మీద సుద్ద రాస్తే తడిసిన గీత స్పష్టంగా కనబడుతుంది. కరువు కాలంలో బావి నీళ్ళు కొలవడానికి మా తాత తాడుకి రాయి కట్టేవాడు, ఇదీ అదే.

కొలవడానికి సంపులోకి ఎవరినీ దింపకండి. మూత వేసి ఉంచిన సంపులో గాలి ఆడదు. దిగిన మనిషి పడిపోవడం, తీయబోయిన రెండో మనిషి కూడా పడిపోవడం ప్రతి ఏడూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. కర్ర పైనుంచే దించండి.

కర్ర చేతికొచ్చిన మర్నాడే మా ఇంటికి లారీ వచ్చింది. 12,000 లీటర్ల లారీ అంటే సంపులో సరిగ్గా 100 సెంటీమీటర్లు పెరగాలి. మోటారు ఆపించి, ముందొకసారి, తరువాతొకసారి కొలిచాను. 88 పెరిగింది. అంటే 1,440 లీటర్లు తక్కువ. డ్రైవర్‌ని అడిగితే "దారిలో ఒలికింది మేడమ్" అన్నాడు. నేనేమీ అనలేదు. కర్ర చూపించి, అంకె నోట్‌బుక్‌లో రాసి, సంతకం పెట్టమన్నాను. తరువాతి లారీకి 97 పెరిగింది. దారిలో ఒలకడం తగ్గినట్టుంది.

పటం గీయండి, తెలిసినా సరే

మెట్రోవాటర్, అంటే చెన్నై నీటి బోర్డు నీళ్ళు, ఎక్కడి నుంచి లోపలికి వస్తోంది, బోరు ఏ మూల, సంపు నుంచి మోటారు, పై ట్యాంకు నుంచి ఎన్ని లైన్లు కిందికి దిగుతున్నాయి, ఏ లైను ఏ వరస ఫ్లాట్లకు వెళుతోంది, వాల్వులు ఎక్కడున్నాయి. ఒక కాగితం మీద గీయాలి. బిల్డరు ఇచ్చిన ప్లాను నమ్మకండి, అది కట్టక ముందు గీసింది. పాత ప్లంబరు ఎవరైనా ఉంటే టీ ఇప్పించి కూర్చోబెట్టండి. మా దగ్గర పాతికేళ్ళ నుంచి పని చేస్తున్న ప్లంబర్ అణ్ణా మూడు లైన్లే అన్నాడు. మేడ మీద లెక్కపెడితే నాలుగున్నాయి. ఆయన లెక్కలో లేని ఆ లైను గురించి కింద చెబుతాను.

వారం లెక్క

ఏడు రోజులు, పొద్దున ఆరింటికీ రాత్రి పదింటికీ, సంపూ పై ట్యాంకూ రెండూ కొలిచి రాయాలి. మెట్రోవాటర్ వచ్చే సమయంలో మోటారు ఆపేసి, సంపు ఎంత పెరిగిందో రాస్తే అదే మీ మీటరు. బోరు నీళ్ళకూ అంతే. లారీలు సరే. వచ్చిందంతా కూడి మనుషులతో భాగించండి. మన దేశంలో పట్టణాలకు తరచూ వాడే ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. మా 60 మందికి 8,100 లీటర్లన్న మాట. దానికి బాగా పైన వస్తే లీకు ఉన్నట్టే అనుకుని రాత్రికి సిద్ధం కండి. కిందే ఉన్నా రాత్రి లెక్క మానకండి.

పోల్చుకోవడానికి ఇంకో అంకె. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ 2018 ఫిబ్రవరిలో మనిషికి రోజుకు 50 లీటర్లే అని కట్టడి పెట్టింది. కుళాయిలు ఆగిపోయే 'డే జీరో' రాకుండా తప్పించుకుంది. మరుసటి ఏడు మన చెన్నైకి నీళ్ళిచ్చే నాలుగు చెరువులూ దాదాపు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్నాం. ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్లు. అప్పుడు మా ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు మొక్కలకు పోసేవాళ్ళం. మళ్ళీ వానలు పడగానే మర్చిపోయాం, నేను కూడా.

రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా

అసలు పని ఇదే. ఏ ఊళ్ళో లీకులు వెతికినా మొదట చూసేది అర్ధరాత్రి ప్రవాహం. ఆ వేళ జనం పడుకుంటారు, వాడకం ఉండదు. అప్పుడూ నీళ్ళు కదులుతున్నాయంటే అవి ఎవరూ వాడని నీళ్ళు.

మోటారు స్విచ్చికి కాగితం అంటించి, ఎవరూ వేయకుండా వాచ్‌మన్‌కి చెప్పండి. ఒంటిగంటకు పై ట్యాంకు కొలవండి, నాలుగింటికి మళ్ళీ. ఆ మూడు గంటల్లో మా ట్యాంకు 9 సెంటీమీటర్లు తగ్గింది. అంటే 450 లీటర్లు. అరడజను మంది లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళారనుకున్నా 60 లీటర్లు పోవాలి. మిగిలిన 390 ఎటు పోయాయి? గంటకు 130 లీటర్లు. రోజుకు 3,120. నెలకు దాదాపు ఎనిమిది లారీలు. నాలుగింటికి మేడ మీద టార్చి పట్టుకుని కూర్చుని ఈ గుణకారం చేసి, రెండోసారి కూడా చేశాను. నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు రాత్రి రెండో విడత. పై నుంచి దిగే లైన్ల వాల్వులు ఒక్కొక్కటి గంటసేపు మూసి, ట్యాంకు ఎంత తగ్గుతోందో చూడాలి. ముందే అందరికీ వాట్సాప్‌లో చెప్పండి, లేకపోతే రెండింటికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఏమీ మూయకపోతే గంటకు 3 సెంటీమీటర్లు తగ్గుతోంది. ఒకటో లైను మూశాను, పెద్ద తేడా లేదు. రెండోదీ అంతే. మూడోది, అంటే ప్లంబర్ అణ్ణాకు గుర్తులేని లైను, మూయగానే ఒకటికి పడిపోయింది. గంటకు 100 లీటర్లు ఆ ఒక్క లైనులోనే.

అది ఎటు వెళుతోందో వెతకడానికి స్క్రూడ్రైవర్. పొడుగాటిది తీసుకుని, మొనను వాల్వు కడ్డీకో పైపుకో ఆనించి, పిడిని చెవి పక్కన ఎముకకు ఆనించండి. మా పనిలో దీనికి ప్రత్యేకమైన ఇనుప కడ్డీ ఉంటుంది, పైన వినే గిన్నె ఉంటుంది, కానీ సూత్రం ఇదే. నీళ్ళు నిలకడగా ఉంటే ఏమీ వినబడదు. లీకుంటే అన్నం కుక్కరు విజిల్ రాబోయే ముందు వచ్చే బుస లాంటిది ఆగకుండా వస్తుంది. ప్లాస్టిక్ పైపులో శబ్దం ఎక్కువ దూరం రాదు కాబట్టి ప్రతి రెండు మీటర్లకూ ఆగి వినాలి. నేను ట్రాన్స్‌ఫార్మర్ వెనక వేపచెట్టు దాకా వెళ్ళాను. ఎప్పుడో తోటకని వేసిన కుళాయి లైను, కుళాయి పీకేసి మూత పెట్టారు, మూత పక్కన వేరు ఒత్తి పైపు పగిలింది. ఆ వేపచెట్టు మండు వేసవిలో కూడా పచ్చగా ఉందని మేమంతా మురిసిపోయేవాళ్ళం.

ఫ్లష్ ట్యాంకులు

మిగిలినది ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. సన్నగా కారుతుంది, చప్పుడు ఉండదు. ట్యాంకులో రంగు నీళ్ళు పోసి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచి, కింద బేసిన్‌లో రంగు కనబడుతుందేమో చూడండి. మొదట నేను పసుపు కలిపాను. పసుపు ఈ పరీక్షకు పనికిరాదని, ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు, మా అబ్బాయి చెప్పాక తెలిసింది. బీట్‌రూట్ రసం వాడండి. 16 ఫ్లాట్లలో మొత్తం 34 ఫ్లష్ ట్యాంకులు, ఐదు కారుతున్నాయి. అన్నిటికీ రబ్బరు వాషరు మారిస్తే సరిపోయింది.

సంపుకీ ఒక పరీక్ష ఉంది. అన్ని దారులూ మూసి ఆరు గంటలు వదిలేయండి. నీళ్ళు తగ్గితే పగులు. పెరిగితే ఇంకా భయపడాలి, బయటి మురుగు నీళ్ళు ఊరుతుండొచ్చు. వెంటనే తాగడం ఆపి, నీళ్ళు పరీక్ష చేయించండి.

బోరు, వాన

ఇది క్లుప్తంగా. టీడీఎస్ మీటరు, అంటే నీళ్ళలో కరిగిన లవణాలను చూపేది, చిన్నది ఒకటి కొని వారానికోసారి బోరు నీళ్ళు చూసి రాయండి. మన ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా. అంకె నెలనెలా ఎక్కుతూ పోతుంటే, సముద్రం దగ్గరి వాళ్ళయితే ముఖ్యంగా, తోడడం తగ్గించాలి. ఇంకో బోరు వేస్తే ఆ భూగర్భ నీళ్ళనే ఇంకో స్ట్రాతో తాగినట్టు.

వాన లెక్క సులువు. 100 చదరపు మీటర్ల మేడ మీద సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. మాది 300 చదరపు మీటర్లు, చెన్నైలో ఏడాదికి సగటున 140 సెంటీమీటర్లు పడుతుంది. ఐదో వంతు పోయిందనుకున్నా 3,36,000 లీటర్లు, 28 లారీలు. చిక్కేమిటంటే ఇందులో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తుంది. మా వేళచ్చేరికి ఆ నెలల్లో పడవలు, మే నెలలో లారీలు. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాన నీటి గుంట తప్పనిసరి, కాబట్టి మీకూ ఉండే ఉంటుంది. అది ఉందా లేదా కాదు, దాని మూత చివరిసారి ఎప్పుడు తెరిచారు అని అడగండి. మాదాంట్లో క్రికెట్ బంతులు మూడు దొరికాయి. తిరువాన్మియూరు వైపు ఇసుక నేలయితే నీళ్ళు ఇట్టే దిగుతాయి. కేకే నగర్ లాంటి చోట బంకమన్ను, లోతుగా తవ్వితే తప్ప దిగవు. గిండీ, వేళచ్చేరి వైపు రాయి. పాత బావి ఉంటే పూడ్చకండి, మేడ నీళ్ళు వడకట్టి అందులోకే వదలండి. మొదటి వాన మాత్రం బయటికి పోనివ్వండి, అందులో మేడ మీది దుమ్మూ పావురాల రెట్టా ఉంటాయి.

మీటింగు

ఎవరి తప్పో చెప్పకండి. "3ఏలో ఫ్లష్ కారుతోంది" అంటే ఆ ఇంటి వాళ్ళు మళ్ళీ తలుపు తీయరు. కేప్‌టౌన్ వాళ్ళు తక్కువ నీళ్ళు వాడే ఇళ్ళకు మ్యాపులో ఆకుపచ్చ చుక్క పెట్టారు. నేను నోటీసు బోర్డులో బాగు చేయించుకున్న ఫ్లాటు నంబరు పక్కన ఆకుపచ్చ బొట్టు పెట్టాను. రెండో రోజుకి ముగ్గురు వచ్చి మాకెప్పుడు పెడతారని అడిగారు. ఇంకో మాట, మీటింగులో లీటర్లు మాట్లాడకండి, లారీలు మాట్లాడండి. లీటర్లకు ఎవరూ తల ఎత్తలేదు. "నెలకు ఎనిమిది లారీలు వేపచెట్టుకూ ఫ్లష్‌లకూ పోస్తున్నాం" అనగానే సెక్రటరీ గారు బోరు తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చించేయలేదు, మడిచారంతే.

కండలేరు జలాశయం నుంచి మా నెల్లూరు జిల్లా మీదుగా 152 కిలోమీటర్లు కాలువలో నడిచి కృష్ణ నీళ్ళు తమిళనాడు సరిహద్దుకు వస్తాయి. అంత దూరం వచ్చినవి చివరి వంద అడుగుల్లో పోతున్నాయని మా అత్తయ్యకు చెబితే, "అయితే ఇంటి పైపుకి ముందు చెవి పెట్టాల్సింది" అంది.

బాగు చేశాక అదే పరీక్ష మళ్ళీ చేశాం. ఒంటిగంట నుంచి నాలుగు దాకా 2 సెంటీమీటర్లు, 100 లీటర్లు. 60 వాడకం తీసేస్తే 40 ఇంకా ఎక్కడో పోతున్నాయి. జూన్‌లో మూడు లారీలు వచ్చాయి. ఆ 40 లీటర్లు నాలుగో లైనులో ఉన్నాయని నా అనుమానం. 4బీ వాళ్ళు ఊళ్ళో లేరు, వచ్చాక బీట్‌రూట్ తీసుకుని వెళ్ళాలి.