టేబుల్ రోజ్ పెంచుదాం, రెండో పాఠం: కొమ్మలు పెట్టుడు

పోయిన పాఠంల జాగ చూసుకున్నం కదా, రోజుకు కనీసం 6 గంటలు ఎండ కొట్టే జాగ. ఇప్పుడు కొమ్మలు పెడదాం. నర్సరీల పైసలు పెట్టే పనే లేదు, హన్మకొండ గల్లీలల్ల ఎవరో ఒకరి గోడ మీదనో పాత బకెట్లనో ఇది ఉంటది, అడిగితే పిడికెడు తెంపి ఇస్తరు.

కొమ్మల చివర్లే తీసుకోండి, 3, 4 అంగుళాలు చాలు. కణుపు కింద కోసి, మట్టిల పోయే భాగం ఆకులు దూసెయ్యండి, మొగ్గ ఉంటే అది కూడ గిల్లెయ్యాలె, మనసొప్పదు గని లేకుంటే బలమంతా పువ్వుకే పోతది. కోసినంక వెంటనే నాటొద్దు. పేపర్ మీద పరిచి నీడల ఓ పూట ఉంచితే కోసిన కాడ తడి ఆరుతది, అట్లయితే కుళ్లదు. వాడిపోతదేమో అని భయం వద్దు, ఇది మన గంగవాయిలి కూర చుట్టమే, ఆకుల్ల కాడల్ల నీళ్లు దాచుకుంటది.

చెల్క నేల ఉన్నోళ్లకు ఇబ్బంది లేదు, కొంచెం ఇసుక కలిపితే అయిపాయె. రేగడి ఉన్నోళ్లే జాగ్రత్త పడాలె, ఆ మట్టి తడి తొందరగ ఇడవదు, వేరు మురుగుతది. అక్కడ జానెడు ఎత్తు మడి కట్టి, చెల్క మట్టి, ఇసుక పోసి దాంట్ల పెట్టండి. మాగిన పశువుల ఎరువు గుప్పెడు చాలు. యూరియా మాత్రం వద్దు, ఆకు గుబురుగ పెరుగుతది గని పూలు తక్కువైతయ్.

వేలితో బొక్క చేసి అంగుళం లోతు గుచ్చి చుట్టూ మట్టి నొక్కండి, కొమ్మకు కొమ్మకు అర అడుగు. నీళ్లు చిలకరించి ఊరుకోండి, మళ్ల పైమట్టి పొడిగ తగిలితేనే పొయ్యాలె. పొద్దుకోసారి చెంబు పట్టుకుని తిరిగేటోళ్ల దగ్గరనే ఇది ఎక్కువ చస్తది. ఫిబ్రవరి, మార్చిల పెడితే ఎండలు ముదిరేసరికి నేల కమ్ముకుంటది.

ఇంకోటి ముందే చెప్తున్న, పువ్వు పొద్దున ఎండకు ఇచ్చుకుని మధ్యాహ్నం దాటినంక ముడుచుకుంటది, ముసురు పట్టిన రోజు సరిగ్గ ఇచ్చుకోనే ఇచ్చుకోదు. రోగమనుకుని మందు కొట్టకండి. బతుకమ్మల పేరుద్దామన్నా పనికిరాదు, ఆట మొదలయ్యే యాళ్లకు ఇది నిద్రపోతది.

10, 15 రోజులైనంక కొమ్మను మెల్లగ లాగి చూడండి. ఊడి రాకుండ గట్టిగ ఉంటే వేరు పట్టినట్టే, కొత్త చిగురు కూడ కనపడుతది. ఆ చిగుర్లు ఎక్కడ గిల్లాలె, ఎప్పుడు గిల్లాలె అన్నది మూడో పాఠం.