విటమిన్లు, ఖనిజాలు – సొంతంగా నేర్చుకుందాం: 5వ పాఠం – నీరసం వెనక ఉన్నదేమిటి? ఇనుము, ఫోలేట్, బీ12

ముందు పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్న సంగతి చూద్దాం. రోజూ క్యారెట్టూ ఆకుకూరలూ తినే మనిషికి రేచీకటి ఎలా వచ్చింది అని అడిగాను. విటమిన్ ఏ కొవ్వులో కరిగేది కాబట్టి నూనె చుక్క తగలని తిండితో అది ఒంటికి పట్టదని మీరు రాసుకుని ఉంటే సరిగ్గానే రాశారు. పైత్యరసం సరిగా రాకపోయినా, పేగుల జబ్బు ఉన్నా అదే జరుగుతుంది. ఇంకో జవాబు కూడా ఉంది. కాలేయంలో దాచుకున్న విటమిన్ ఏ రక్తంలోకి రావాలంటే దాన్ని మోసే ప్రోటీన్ ఒకటి కావాలి. జింకు తక్కువైతే ఆ ప్రోటీన్ సరిగా తయారవదు. నిల్వ ఉండి కూడా కంటికి అందదన్నమాట. ఈ రెండో జవాబు దాకా వెళ్లినవాళ్లకు ఇవాళ్టి పాఠం తేలిగ్గా ఉంటుంది.

ఇవాళ్టి లక్షణం నీరసం. మెట్లెక్కితే ఆయాసం, మొహం పాలిపోవడం, పని మీద ధ్యాస నిలవకపోవడం. ఎవరికైనా చెబితే వెంటనే వచ్చే సలహా ఒకటే: "రక్తం తక్కువైనట్టుంది, ఐరన్ టాబ్లెట్లు వాడు." చాలామంది విషయంలో ఇది నిజమే కావచ్చు కూడా. కానీ లోపం బీ12ది అయితే ఎన్ని ఐరన్ టాబ్లెట్లు మింగినా ఫలితం ఉండదు, ఈలోపు నరాలు దెబ్బతింటూ పోతాయి. అందుకే ఈ పాఠంలో ఒక పని నేర్చుకుందాం. రక్తపరీక్ష రిపోర్టులో నాలుగు అంకెలు చూసి, ఏ పోషకాన్ని అనుమానించాలో చెప్పగలగాలి. మందు డాక్టరే రాయాలి, డాక్టరును అడగాల్సిన ప్రశ్న మాత్రం మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

కణం సైజు ఎందుకు మారుతుంది?

ఎముకల లోపలి మూలుగ సెకనుకు ఇరవై లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలను తయారుచేస్తుంది. ఆ తయారీలో రెండు పనులు సమాంతరంగా సాగుతాయి. ఒకటి, కణం విభజన చెంది ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరగడం. దానికి డీఎన్‌ఏ నకలు తయారవ్వాలి, ఆ పనికి ఫోలేట్, బీ12 రెండూ ఉండాలి. రెండోది, కణం లోపల హిమోగ్లోబిన్ నిండడం. దానికి ఇనుము కావాలి.

ఇప్పుడు ఒక్క నిమిషం కింద చదవకుండా ఆగి ఆలోచించండి. ఇనుము తక్కువైతే ఏమవుతుంది? విభజన మామూలుగానే సాగుతుంది, నింపడానికి సరుకు ఉండదు. కణాలు చిన్నవిగా, వెలిసిపోయినట్టు తయారవుతాయి. ఫోలేట్ గానీ బీ12 గానీ తక్కువైతే? హిమోగ్లోబిన్ నిండుతూనే ఉంటుంది, విభజన ఆలస్యమవుతుంది. కణాలు ఉబ్బినట్టు పెద్దవవుతాయి. ఈ పాఠమంతా దీని మీదే నిలబడి ఉంది. పోషకం చేసే పని అర్థమైతే లోపం ఎలా కనిపిస్తుందో బట్టీ పట్టక్కర్లేదు.

రిపోర్టులో ఈ సైజును ఎం.సి.వి. అని రాస్తారు. మామూలుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు ఉంటుంది. 80 కంటే తగ్గితే కణాలు చిన్నవి, 100 దాటితే పెద్దవి.

ఇనుము

పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపి 3 నుంచి 4 గ్రాములు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు 120 రోజులు. అది చచ్చిపోయాక అందులోని ఇనుమును శరీరం పారేయదు. పాత ఇల్లు విప్పి ఆ ఇటుకలతోనే కొత్త గోడ కట్టినట్టు, రోజుకు 20–25 మిల్లీగ్రాముల ఇనుమును తిరిగి కొత్త కణాల్లో పెడుతుంది. తిండి నుంచి కొత్తగా పేగులు పీల్చుకునేది రోజుకు 1–2 మిల్లీగ్రాములే.

దీన్నుంచి ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. ఇంత పొదుపుగా వాడుకునే శరీరంలో ఇనుము బాగా తగ్గిందంటే, తినే దాంట్లోనో, పేగులు పీల్చుకోవడంలోనో లోపమైనా ఉండాలి, రక్తమైనా పోతూ ఉండాలి, లేదంటే ఎదుగుదల, గర్భం లాంటి అదనపు అవసరమైనా వచ్చి ఉండాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉండే ఆడవాళ్లలో కారణం వెంటనే దొరుకుతుంది. కానీ మగవాళ్లలోనో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలోనో ఇనుము లోపం కనిపిస్తే టాబ్లెట్లు రాసి పంపించేయకూడదు. కడుపులో పుండు, పేగుల్లో గడ్డ లాంటి వాటి నుంచి కంటికి కనపడకుండా రక్తం పోతోందేమో వెతకాలి. మిగతాదంతా మర్చిపోయినా ఈ మాట మాత్రం మర్చిపోకండి. పెద్దపేగు క్యాన్సర్ కొందరిలో మొట్టమొదట బయటపడేది ఇలా రక్తహీనత రూపంలోనే.

ఇక ఆహారం. మాంసం, చేప, లివర్‌లో ఉండే ఇనుము తేలిగ్గా ఒంటికి పడుతుంది. పప్పుధాన్యాలు, ఆకుకూరలు, గింజల్లో ఉండేది అంత తేలిగ్గా పట్టదు. ధాన్యాల్లోని ఫైటేట్లు, టీ కాఫీల్లోని పాలీఫినాల్స్ దాన్ని పట్టుకుని వదలవు. భోజనంతోపాటే టీ తాగితే శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గిపోవచ్చు. ఒక గంట ఆగి తాగండి, చాలు. అదే భోజనంలో నిమ్మరసమో, జామపండో, పచ్చి టమాటానో ఉంటే వాటిలోని విటమిన్ సి ఇనుమును పేగు పీల్చుకోగలిగే రూపంలోకి మారుస్తుంది. శాకాహారులకు ఖర్చు లేని ఉపాయం ఇంతకంటే లేదు. పాలకూరలో ఇనుము దండిగా ఉంటుందని అందరూ అంటారు. ఉండే మాట నిజమే, ఒంటికి పట్టేది మాత్రం చాలా కొంచెం.

లోపం ఎలా కనిపిస్తుంది? నీరసం, ఆయాసం, గుండెదడ అన్ని రకాల రక్తహీనతల్లోనూ ఉంటాయి, వాటితో కారణం తేల్చలేం. ఇనుము వైపు వేలెత్తి చూపే గుర్తులు వేరే ఉన్నాయి. ఐసు ముక్కలు నమలాలనిపించడం, మట్టి, సుద్ద, పచ్చి బియ్యం లాంటివి తినాలనిపించడం. గోళ్లు పెళుసుబారి, ముదిరితే చెంచాలా మధ్యలో గుంట పడడం. రాత్రి పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం. ఐసు తినే అలవాటును జనం అలవాటుగానే చూస్తారు, డాక్టరుకు చెప్పరు. చెప్పండి. ఇనుము సరిపడా అందాక ఆ కోరిక దానంతటదే పోతుంది.

నిల్వలు తెలుసుకోవడానికి ఫెరిటిన్ పరీక్ష ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తగ్గితే లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 30 కంటే తగ్గినా లోపంగానే తీసుకునే డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఒక చిక్కుంది. ఒంట్లో ఇన్ఫెక్షనో, వాపో ఉంటే ఫెరిటిన్ పెరిగిపోతుంది. జ్వరంలో చేయించిన ఫెరిటిన్ బాగుందని నిశ్చింతగా ఉండకూడదు.

టాబ్లెట్ల గురించి కూడా ఒక మాట. ఒక డోసు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును పెంచి, సుమారు ఒక రోజు పాటు పేగుల్లో ఇనుము పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. రోజు విడిచి రోజు వేసుకోమని కొందరు డాక్టర్లు చెప్పేది ఇందుకే. కొన్ని వారాల్లో హిమోగ్లోబిన్ పెరుగుతుంది, మనిషి తేరుకుంటాడు, టాబ్లెట్లు మానేస్తాడు. నిల్వలు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంటాయి. అవి నిండాలంటే ఇంకో మూడు నెలల దాకా వాడాల్సి ఉంటుంది.

బీ12

దీని కథ తిండి దగ్గర మొదలై కడుపులోకి వెళుతుంది. 1926లో మైనట్, మర్ఫీ అనే అమెరికన్ డాక్టర్లు, అప్పటిదాకా ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతకు రోజూ పావుకిలో దాకా లివర్ తినిపించి రోగులను బతికించారు. విపుల్ అనే మరో అమెరికన్ డాక్టరుతో కలిపి వాళ్లకు 1934లో నోబెల్ వచ్చింది. ఆ రోగులకు మామూలు మాంసం ఎందుకు సరిపోవట్లేదు అన్న ప్రశ్న కాజిల్ అనే యువ డాక్టరుకు వచ్చింది. ఆయన తానే మాంసం తిని, కొంతసేపు కడుపులో ఉంచి, బయటికి తీసి, దాన్ని ట్యూబు ద్వారా రోగులకు ఇచ్చాడు. వాళ్లు కోలుకున్నారు! మాంసం ఒక్కటే ఇస్తే కోలుకోలేదు. ఆరోగ్యవంతుడి కడుపులో ఊరే ఏదో పదార్థం ఆ రోగుల కడుపులో ఊరడం లేదని దాంతో తేలింది. దాన్నే ఇప్పుడు ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అంటున్నాం. బీ12ను విడిగా వేరుచేయగలిగింది ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1948లో.

ఈ కథ చెప్పింది పాఠం కోసమే. బీ12 తిండిలో ఉన్నంత మాత్రాన చాలదు. కడుపులోని ఆమ్లం దాన్ని ప్రోటీన్ నుంచి విడదీయాలి, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ దాన్ని పట్టుకోవాలి, చిన్నపేగు చివరి భాగం దాన్ని పీల్చుకోవాలి. ఈ మూడింటిలో ఎక్కడ తెగినా లోపమే. వయసు మళ్లి ఆమ్లం తగ్గినవాళ్లు, గ్యాస్ టాబ్లెట్లు ఏళ్ల తరబడి వాడేవాళ్లు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, కడుపుకో పేగుకో ఆపరేషన్ అయినవాళ్లు ఈ జాబితాలో ఉంటారు.

రోజుకు కావాల్సింది 2.4 మైక్రోగ్రాములే. దొరికేది మాంసం, చేప, గుడ్లు, పాలు, పెరుగులో. మొక్కల్లో నమ్మదగినంత బీ12 ఉండదు. స్పిరులినాలో ఉందని అమ్ముతారు గానీ, అందులో ఉన్నది ఎక్కువగా మన ఒంటికి పనికిరాని నకలు రూపం. పాలు కూడా ముట్టని పూర్తి శాకాహారులు టాబ్లెట్టో, బీ12 కలిపిన ఆహారమో తీసుకోక తప్పదు. కాలేయంలో దీని నిల్వలు ఏళ్ల తరబడి వస్తాయి కాబట్టి తిండి మార్చుకున్న మొదటి ఏడాది అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ ధీమాను నమ్మకండి.

గుర్తులు: అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండడం, చీకట్లో నడిస్తే తూలడం, మతిమరుపు, నాలుక ఎర్రగా నున్నగా అయి మండడం. నరాల మీది మైలిన్ పొర నిలబడడానికి బీ12 కావాలి కాబట్టే ఈ తిమ్మిర్లు. రక్తం మామూలుగా ఉండి, నరాల లక్షణాలు మాత్రమే కనిపించడం కూడా జరుగుతుంది. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.

ఫోలేట్

దీన్ని త్వరగా ముగిద్దాం. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, నారింజ జాతి పండ్లలో ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే చాలావరకు పోతుంది. నిల్వలు కొన్ని నెలలకే అయిపోతాయి. 1930 ప్రాంతంలో బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్, ఈస్ట్ సారంతో అది నయమవుతుందని చూపింది. ఆ సారంలోని పదార్థమే ఫోలేట్ అని తర్వాత తెలిసింది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ బృందానికి నాయకత్వం వహించింది మన యల్లాప్రగడ సుబ్బారావు.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. కడుపులో బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. అది సరిగా మూసుకోవడానికి ఫోలేట్ కావాలి కాబట్టి ఫోలిక్ యాసిడ్ (టాబ్లెట్లలో ఉండే ఫోలేట్) గర్భానికి ముందు నుంచే, రోజుకు 400 మైక్రోగ్రాములు వాడాలి. రెండోది, బీ12 లోపం ఉన్నవాళ్లకు ఫోలిక్ యాసిడ్ మాత్రమే పెద్ద మోతాదులో ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాల నష్టం లోపల్లోపల సాగుతూనే ఉంటుంది. రిపోర్టు బాగుంటుంది, మనిషి బాగుండడు. ఎం.సి.వి. పెరిగి ఉంటే ముందు బీ12 చూడమనేది ఇందుకే.

రిపోర్టు చదువుదాం

చూడాల్సిన నాలుగు అంకెలు: హిమోగ్లోబిన్, ఎం.సి.వి., ఎర్ర కణాల సంఖ్య, ఆర్.డి.డబ్ల్యు. చివరిది కణాల సైజుల్లో ఎంత తేడా ఉందో చెబుతుంది. సుమారు 14.5 శాతం దాటితే చిన్నా పెద్దా కణాలు కలిసి ఉన్నాయని అర్థం. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు మగవాళ్లలో 13, ఆడవాళ్లలో 12, గర్భిణుల్లో 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత.

మొదటి రిపోర్టు, ఒక స్త్రీది: హిమోగ్లోబిన్ 9.1, ఎం.సి.వి. 71, ఎర్ర కణాలు 42 లక్షలు, ఆర్.డి.డబ్ల్యు. 18. కణాలు చిన్నవి, సైజుల్లో తేడా ఎక్కువ. ఇనుము లోపాన్ని అనుమానించి ఫెరిటిన్ అడగాలి.

రెండోది, ఇంకో స్త్రీది: హిమోగ్లోబిన్ 11.4, ఎం.సి.వి. 64, ఎర్ర కణాలు 57 లక్షలు, ఆర్.డి.డబ్ల్యు. 14. కణాలు మరీ చిన్నవి, కానీ సంఖ్య దండిగా ఉంది! ఇనుము లేకపోతే ఇన్ని కణాలు తయారవవు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది: ఎం.సి.వి.ని మిలియన్లలో (పది లక్షలు ఒక మిలియన్) రాసిన కణాల సంఖ్యతో భాగించండి. 64ను 5.7తో భాగిస్తే 11 చిల్లర. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా ట్రెయిట్‌ను, అంటే హిమోగ్లోబిన్ తయారీలో పుట్టుకతో వచ్చిన చిన్న లోపాన్ని అనుమానించాలి. మొదటి రిపోర్టులో ఇదే లెక్క చేస్తే దాదాపు 17 వస్తుంది, చేసి చూడండి. ఈ లెక్క అనుమానానికే, నిర్ధారణకు వేరే పరీక్షలున్నాయి. ఇలాంటివాళ్లకు ఫెరిటిన్ చూడకుండా ఏళ్లకేళ్లు ఐరన్ ఇవ్వడం అన్యాయం.

మూడోది, ఒక పురుషుడిది: హిమోగ్లోబిన్ 10.2, ఎం.సి.వి. 112, ఎర్ర కణాలు 28 లక్షలు. కణాలు పెద్దవి. బీ12, ఫోలేట్ రెండూ చూడాలి. మద్యం, కాలేయ జబ్బు, థైరాయిడ్ తగ్గడం వల్ల కూడా ఎం.సి.వి. పెరుగుతుందని డాక్టరుతో మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి.

అభ్యాసం

ఈ రిపోర్టును మీరే చదవండి. పేగులకు ఆపరేషన్ అయిన ఒక వ్యక్తి: హిమోగ్లోబిన్ 9.6, ఎర్ర కణాలు 34 లక్షలు, ఎం.సి.వి. 87, ఆర్.డి.డబ్ల్యు. 21, అరికాళ్లలో తిమ్మిర్లు, ఐసు నమిలే అలవాటు. ఎం.సి.వి. చూస్తే మామూలుగానే ఉంది. అది సగటు అంకె అని గుర్తుపెట్టుకుని, ఆర్.డి.డబ్ల్యు.ను పక్కన పెట్టుకుని ఆలోచించండి. ఏ పరీక్షలు అడుగుతారు? ఏ లోపానికి ముందుగా తొందరపడతారు, ఎందుకు? జవాబు నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే పాఠంలో కాల్షియం, విటమిన్ డి, మెగ్నీషియంలోకి వెళ్లే ముందు దీన్ని సరిచూద్దాం.