చామంతికి చీకటి కావాలి

మూడేళ్ల కిందట మా డాబా మీద చామంతులు పెట్టాను. డిసెంబర్ కల్లా అన్నీ విరగబూశాయి గానీ వీధి లైటు పక్కన పిట్టగోడ మీద పెట్టిన నాలుగు కుండీలు మాత్రం గుబురుగా, పచ్చగా, ఒక్క మొగ్గ కూడా లేకుండా నిలబడ్డాయి. బలం చాల్లేదేమో అనుకుని వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోస్తూనే పోయాను, ఆకులు ఇంకా పెద్దవయ్యాయి, అంతే.

తర్వాత తెలిసింది, చామంతి రాత్రి పొడవు పెరిగితేనే మొగ్గ వేస్తుందని. రాత్రంతా లైటు పడుతుంటే దానికి ఇంకా ఎండాకాలమే! పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన పందిట్లో, పెంచే రైతులు పూత ఆలస్యం చేయాలంటే కావాలనే రాత్రిళ్లు బల్బులు వెలిగిస్తారు, నేను తెలియక అదే చేశాను. కాబట్టి కుండీకి చోటు చూసేటప్పుడు పగలు కనీసం ఐదారు గంటల ఎండ ఉందో లేదో చూడండి, రాత్రి పూట కూడా ఒకసారి వెళ్లి చూడండి. బాల్కనీలో లైటు తప్పదంటే సెప్టెంబర్ నుంచి మొగ్గలు బాగా కనిపించేదాకా సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి పొద్దున్నే తీసేయాలి. రోజూ అంటే విసుగే, కుండీ జరపడమే నయం.

మిగతా పని తేలిక. జూన్, జూలైలో పాత మొక్క మొదట్లో వచ్చిన పిలకల్ని వేళ్లతో సహా విడదీసి పది అంగుళాల కుండీకి ఒకటి చొప్పున నాటండి. మట్టిలో పశువుల ఎరువు, కాస్త ఇసుక కలపండి, నీళ్లు నిలవకూడదు. మొక్క జానెడు కాకముందే తల తుంచేయండి. ఇక్కడే చాలామందికి చేయి ఆడదు, మా అత్తయ్య అయితే నన్ను తిట్టింది కూడా. కానీ తుంచిన చోట రెండు మూడు కొమ్మలు వస్తాయి, వాటి తలలూ మూడు నాలుగు వారాలకి మళ్లీ తుంచితే అప్పుడు గుబురు కడుతుంది. ఆగస్టు చివరికి ఆపేయాలి, ఇంకా తుంచితే పోయేవి మొగ్గలే.

నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయండి, ఆకులు తడిస్తే మచ్చలొస్తాయి. చిగుళ్లకి పేనుబంక (రసం పీల్చే సన్న పురుగులు) పడితే లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

ఇదంతా ఎవరు చేస్తారు అనుకుంటే చలికాలంలో కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్క కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. నిండా విచ్చిన దాన్ని చూసి పడిపోకండి, మొగ్గలు ఎక్కువున్నది తీసుకుంటే ఇంట్లో ఇంకొన్ని వారాలు పూస్తుంది. పూలయిపోగానే పారేయకుండా బెత్తెడు ఉంచి కత్తిరించి, ఎండాకాలమంతా మధ్యాహ్నం నీడ పడేచోట పెట్టి తడి ఆరకుండా చూడండి. జూన్‌కి మీ పిలకలు మీకే.