టీబీ మందులు వాడుతుండగా జ్వరం తిరగబెడితే: ముందే తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

టీబీ మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఇంట్లోవాళ్లకు టెన్షన్ తగ్గుతుంది. కొందరికి సరిగ్గా అప్పుడే జ్వరం తిరగబెడుతుంది, మెడ దగ్గర గడ్డ ముందుకన్నా పెద్దదవుతుంది. మందులు పనిచేయట్లేదనుకుని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

చచ్చిన క్రిముల మీద, కోలుకుంటున్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా విరుచుకుపడటం వల్ల ఈ వాపు రావచ్చు. గడ్డల టీబీలో, హెచ్ఐవీ లేనివారిలో కూడా ఇది మామూలే.

హెచ్ఐవీ కూడా ఉంటే మరింత జాగ్రత్త కావాలి. సీడీ4 (రోగనిరోధక శక్తిని చూపే రక్తకణాల లెక్క) బాగా తక్కువగా ఉన్నవారికి, ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు) మొదలైన తొలి 3 నెలల్లో ఈ ముప్పు ఎక్కువ. అలాగని ఏఆర్‌టీని సొంతంగా వాయిదా వేస్తే ప్రాణానికే ప్రమాదం. సాధారణంగా టీబీ మందులు మొదలైన 2 వారాల్లోపే దాన్ని ప్రారంభిస్తారు. మెదడు పొరలకు టీబీ సోకితే మాత్రం 4 నుంచి 8 వారాలు ఆగుతారు. డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు వాడుతుంటే టీబీ సంగతి ఏఆర్‌టీ సెంటర్‌లో తప్పకుండా చెప్పాలి. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్ల దాని బలం తగ్గుతుంది కాబట్టి, రోజుకు రెండుసార్లు ఇస్తారు.

మందులు మొదలుపెట్టేటప్పుడే బరువు రాసిపెట్టుకోండి, గడ్డ ఉంటే ఫొటో తీసుకోండి. తర్వాత పోల్చుకోవడానికి డాక్టర్‌కు ఇవి చాలా పనికొస్తాయి. ఇది ఆ వాపేనని తేల్చే పరీక్ష ఒక్కటీ లేదు. మందులకు లొంగని టీబీ, మధ్యలో మానేసిన డోసులు, మరో ఇన్ఫెక్షన్ కూడా ఇలాగే కనిపిస్తాయి. అందుకే డోసులు మిస్సయితే దాచకుండా చెప్పండి. తిడతారన్న భయంతో దాచేవాళ్లే ఎక్కువ. దాస్తే డాక్టర్ దారి తప్పుతారు.

గడ్డను నొక్కించుకోవద్దు, ఊళ్లో ఆర్‌ఎంపీ చేత కోయించుకోవద్దు. వాపు ఎక్కువైతే డాక్టరే ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ రాస్తారు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకండి, రాసిచ్చినదాన్ని హఠాత్తుగా మానేయకండి. షుగర్ ఉన్నవారికి స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరుగుతుంది, తరచూ చూపించుకోవాలి.

ఆయాసం, భరించలేని తలనొప్పి, ఆగని వాంతులు, మాట తడబడటం, ఫిట్స్ వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. కళ్లు పచ్చబడితే అది వేరే సమస్య. మందుల వల్ల కాలేయం దెబ్బతింటోందేమో చూడాలి. తర్వాతి డోసు వేసుకోకముందే, ఆ రోజే డాక్టర్‌ను కలవండి. మూత్రం నారింజ రంగులో రావడానికి మాత్రం భయపడక్కర్లేదు, అది రిఫాంపిసిన్ రంగు. మిగతా సందేహాలకు ఆశా కార్యకర్తను అడగొచ్చు, లేదా నిక్షయ్ హెల్ప్‌లైన్ 1800-11-6666కు ఫోన్ చేయొచ్చు.