పేరు పట్టుకుని పేటలోకి: హైదరాబాద్‌లో మనం చూడని వాడలను చూడడం ఎలా

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నవారిని కార్వాన్ గురించి అడిగితే, బస్సు బోర్డు మీద ఆ పేరు చూసిన గుర్తు తప్ప మరేమీ చెప్పలేకపోవడం మామూలే. చుట్టాలు వస్తే చార్మినార్, గోల్కొండ చూపించి పంపిస్తాము గాని, ఆ రెంటికీ నడుమ ఉన్న పాత దారి మన కంట పడదు. అటువంటి పేటలను చూడదలచినవారు మొదట వాటి పేర్లను చదవడం నేర్చుకోవాలని నా సలహా.

ఈ నగరంలో పేరు చివరి ముక్క ఆ చోటి పాత సంగతిని చాలాసార్లు చెబుతుంది. బౌలి అంటే బావి, గంజ్ అంటే టోకు బేరాలు సాగే అంగడి, దేవిడి అంటే నవాబుల భవంతి, బాగ్ అంటే తోట. బండ సంగతి చెప్పనక్కరలేదు. పుత్లీబౌలిలో దిగి బావి ఎక్కడుండేదని, పిసల్‌బండలో దిగి జారుడు బండ ఏదని అడగడం మొదలుపెడితే నడకకు ఒక పని ఏర్పడుతుంది. సమాధానం దొరకని రోజులూ ఉంటాయి, ఎందుకంటే బావులు పూడిపోయాయి, బండలు పగిలి ఇళ్ల పునాదుల్లోకి చేరాయి. అయినా అడగడం మానకూడదు: సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావి ఏళ్ల తరబడి చెత్తతో నిండి ఉండగా, పూడిక తీసి బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు.

పేరు కొన్నిసార్లు తప్పుదారి కూడా పట్టిస్తుంది. మూసారాంబాగ్ అనగానే ఎవరో రాముడి తోట అనుకుంటాము. నిజాం కొలువులో సేనానిగా ఉండి 1798లో మరణించిన ఫ్రెంచి దేశస్థుడు రేమాండ్ పేరే జనం నోట అలా మారిందని చెబుతారు. ఆయన సమాధి మలక్‌పేట వైపు ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. అలాగే బార్కస్ అన్నది బ్యారక్స్ అనే మాటే. నిజాం సైన్యంలో చేరిన అరబ్బు సైనికుల నివాసాల వల్ల వచ్చిన ఆ పేరు, వారి వంశీకులు నేటికీ అక్కడ ఉండడం వల్ల అర్థవంతంగానే మిగిలింది.

మొదటి నడకకు పురానాపూల్ నుంచి కార్వాన్ దాకా వెళ్లే దారిని ఎంచుకోవచ్చు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1578లో కట్టిన ఈ వంతెన, 1591 నాటి చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. అంటే ఊరు పుట్టకముందే ఊరికి దారి సిద్ధమైందన్నమాట. వంతెన మీద కూరగాయల అమ్మకందార్ల మధ్య కాసేపు నిలబడి మూసీ వైపు చూడండి. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో వేలమందిని బలిగొన్నది ఈ నీళ్లేనా అని అనుమానం కలగక మానదు. ఆ వరద తరువాతనే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. నది దాటి కార్వాన్ వైపు నడిస్తే, గోల్కొండకు వెళ్లే వర్తకుల బిడారులు ఆగిన చోటు కనుక ఆ పేరు వచ్చిందన్న సంగతి దారే చెబుతుంది. అక్కడి తోలీ మసీదును 1671లో మూసాఖాన్ కట్టించాడు. మక్కా మసీదు పనికి ఖర్చయిన ప్రతి రూపాయికి ఒక దమ్మిడీ చొప్పున తనకు ముట్టిన సొమ్ముతో దీన్ని కట్టించాడని ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గాని, మసీదు ముందరి సున్నపు నగిషీ మాత్రం తీరికగా చూడదగినది.

వేళ విషయంలో జాగ్రత్త అవసరం. పాతబస్తీ ఆలస్యంగా నిద్రలేస్తుంది, దుకాణాలు చాలావరకు పదకొండు దాటాకే తెరుచుకుంటాయి. అందువల్ల కట్టడాలను చూడదలిస్తే తెల్లవారి వెళ్లాలి, మనుషులను కలవాలంటే సాయంత్రం వెళ్లాలి. ఒకే పేటకు ఈ రెండు వేళల్లోనూ వెళ్లినవారికే అది కొంతైనా తెలుస్తుంది. మసీదుల్లోకి నమాజు సమయంలో, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం, చూసేందుకని వెళ్లకూడదు.

ఇద్దరి కంటే ఎక్కువమంది కలిసి వెళ్లవద్దు. గుంపుగా వెళ్తే సర్వేకు వచ్చారనుకుని జనం మాట్లాడరు. చాయ్ తాగుతూ పక్కనున్న పెద్దాయనను “చాచా, ఇక్కడ ముందు ఏముండేది?” అని అడగండి, వచ్చీరాని ఉర్దూ అయినా ఫరవాలేదు, సగం మంది తెలుగులోనే జవాబిస్తారు. ఫోన్ జేబులోనే ఉంచి, మాట కలిశాక, అడిగి ఫోటో తీసుకోండి. ఇళ్ల గుమ్మాలను, స్త్రీలను, పిల్లలను అడగకుండా తీయడం ఎంతమాత్రం తగదు. మంచినీళ్లు, చిల్లర వెంట ఉండాలి. దారిలో మరుగుదొడ్లు అరుదు కనుక ఆ ఏర్పాటు ముందే ఆలోచించుకోవాలి.

ఇంటికి వచ్చిన రోజే విన్న పేర్లను, ఎవరు ఏ పేరును ఎలా పలికారో సహా, రాసి ఉంచుకోండి. పాత నగరపు గోడకు ఉండిన 13 దర్వాజాల్లో ఇప్పుడు నిలిచినవి రెండే. వాటిలో ఒకటి మీరు పురానాపూల్ దగ్గర చూసే ఉంటారు. రెండవది దబీర్‌పురాలో ఉంది. ఆ పేరుతోనే ఎంఎంటీఎస్ స్టేషన్ ఉన్నందున రెండవ నడకను అక్కడ మొదలుపెట్టడం సులువు, కాకపోతే తిరుగు రైలు ఎన్నింటికో దిగిన వెంటనే చూసుకోవాలి.