మ్యాట్రిక్స్ మాత్ర మందును సరిగా వదలడం లేదా? లోపం ఇలా పట్టుకోండి

మ్యాట్రిక్స్ మాత్ర అంటే మందును విడుదల నెమ్మదించే పాలిమర్‌తో కలిపి చేసిన మాత్ర. 12 గంటల పాటు మెల్లగా మందు వదలాల్సిన అలాంటి మాత్ర డిసల్యూషన్ పరీక్షలో (ద్రవంలో ఉంచి ఎంత మందు బయటకు వచ్చిందో కొలిచే పరీక్ష) దారి తప్పిందంటే చాలామంది చేయి ముందుగా పాలిమర్ శాతం మీదికే వెళ్తుంది. దయచేసి ఆ మార్పును చివరికి ఉంచండి. ముందు రెండో గంటలో ఒక మాత్రను బయటకు తీసి బ్లేడుతో అడ్డంగా కోయండి. హెచ్‌పీఎంసీతో (నీటిలో ఉబ్బి జెల్‌గా మారే పాలిమర్) చేసిన మాత్ర బాగా పనిచేస్తుంటే చుట్టూ జిగురులాంటి జెల్ పొర, మధ్యలో ఇంకా తడవని పొడి భాగం విడివిడిగా కనిపిస్తాయి. ఏ గ్రాఫూ ఇంత సూటిగా చెప్పదు.

మొదటి గంటలోనే మందు ఎక్కువగా వచ్చేస్తోంది

ఇది నిజంగా లోపమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. నీరు లోపలికి వెళ్లేకొద్దీ మందు బయటకు రావాల్సిన దూరం పెరుగుతుంది కాబట్టి విడుదల మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా ఉండటం సహజం. 1961లో హిగుచి అనే ఔషధ శాస్త్రవేత్త చూపిన సంబంధం ఇదే: విడుదలైన మొత్తం కాలం వర్గమూలాన్ని అనుసరిస్తుంది. మీ అంకెలను కాలం వర్గమూలానికి ఎదురుగా గీయండి. సున్నా దగ్గర మొదలయ్యే సరళరేఖ వస్తే మాత్ర తన స్వభావం ప్రకారమే నడుస్తోంది. రేఖ సున్నాకు బాగా పైన మొదలైతే మాత్రం జెల్ ఏర్పడేలోపే మందు జారిపోతోందని అర్థం.

అప్పుడు కోసిన మాత్రలో జెల్ అక్కడక్కడే ఉండి, పగుళ్ల గుండా తడి మధ్యదాకా చేరి ఉంటుంది. నీటిలో బాగా కరిగే మందులకు ఈ బెడద ఎక్కువ. ముందు పాలిమర్ రేణువుల పరిమాణం చూడండి. సన్నని పొడి త్వరగా తడిసి పొరను త్వరగా కడుతుంది. తర్వాత శాతం: 30 కన్నా బాగా తక్కువైతే పొర నమ్మకంగా నిలవదు. పాలిమర్ స్నిగ్ధత (చిక్కదనం) పెంచడం ఆ తర్వాతి మాట. హెచ్‌పీఎంసీలో కే4ఎం రకం స్థానంలో మరింత స్నిగ్ధత ఉన్న కే100ఎం వాడితే జెల్ గట్టిపడుతుంది గానీ, మొదటి నిమిషాల్లో పొర ఆలస్యమయ్యే చిక్కు దానితోనే తీరదు.

ఇక గంట గంటకూ సమానంగా మందు రావాలనుకుంటే స్నిగ్ధత తగ్గించి చూడాలి. అప్పుడు పొర పైనుంచి అరుగుతూ, మందు దాటాల్సిన దూరం పెరగకుండా ఆపుతుంది.

75 శాతం దగ్గర విడుదల ఆగిపోతోంది

మిగిలిన మాత్రను నూరి అందులో మందు ఎంతుందో కొలవండి. అందులో మందు మిగలకపోతే లోపం మాత్రలో మందు మోతాదులోనో, విశ్లేషణలోనో ఉంది. మందు మిగిలి ఉంటే రెండు కారణాలు చూడాలి. ఇథైల్ సెల్యులోజ్ వంటి కరగని మ్యాట్రిక్స్‌లో కొన్ని మందు రేణువుల చుట్టూ పాలిమర్ మూసుకుపోయి నీరు వాటిని చేరదు. లాక్టోజ్ లాంటి కరిగే పదార్థం చేరిస్తే అది కరిగిన చోట దారులు తెరుచుకుంటాయి. మందు బలహీన క్షారమైతే ఆమ్ల మాధ్యమంలో మరోసారి పరీక్షించండి. అక్కడ పూర్తిగా వస్తే పీహెచ్ 6.8లో (పేగుల్లోని స్థితిని పోలిన మాధ్యమం) మందు కరగకపోవడమే కారణం. మాత్రలోనే ఫ్యూమరిక్ ఆమ్లం కలపడం మంచి పరిష్కారం.

ఆరు మాత్రలు ఆరు రకాలుగా ఉన్నాయి

పరీక్ష జరిగే పాత్రలోకి తొంగి చూడండి. జెల్ పట్టిన మాత్ర అడుగుకు అతుక్కుంటే ఒక ముఖం మూసుకుపోతుంది. తేలితే మరో రకం తేడా. సింకర్ (మాత్రను ముంచి ఉంచే తీగ చుట్టు) వాడండి, లేదా బాస్కెట్‌కు (మాత్రను జాలీ బుట్టలో ఉంచి తిప్పే పద్ధతి) మారండి.

మద్యం తగిలితే మందంతా ఒక్కసారిగా వస్తోంది

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. 2005లో అమెరికాలో హైడ్రోమార్ఫోన్ దీర్ఘవిడుదల క్యాప్సూల్‌ను ఈ ప్రమాదం వల్లే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఇథైల్ సెల్యులోజ్ ఇథనాల్‌లో (మద్యంలోని ఆల్కహాల్) కరుగుతుంది. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 5, 20, 40 శాతం ఇథనాల్ కలిపి 2 గంటలు పరీక్షించండి. గ్రాఫ్ ఎగబాకితే పాలిమర్‌నే మార్చాలి. శాతం సవరించి గట్టెక్కాలని చూడకండి.