కీరాకి మందు కొట్టే ముందు పైన షీటు చూడండి

పాలీహౌస్‌లో, అంటే పైపుల మీద ప్లాస్టిక్ షీటు కప్పిన పందిట్లో, కీరా తీగ బారుగా సాగి, ఆకు పాలిపోయి, పిందెలు రాలుతున్నాయా? వెలుతురు చాలడం లేదు. ఎరువుల డోసు పెంచేవాళ్లే గానీ తల పైకెత్తి చూసేవాళ్లు తక్కువ. మన డెల్టాలో రైస్ మిల్లుల ఊక బూడిద, రోడ్డు దుమ్ము, వానలకి పట్టే నాచు, అన్నీ షీటు మీదే చేరతాయి. కొత్త షీటు 85-90 శాతం వెలుతురు లోపలికి వదులుతుంది. కాయగూరల్లో వెలుతురు ఒక శాతం తగ్గితే దిగుబడీ దాదాపు అంతే తగ్గుతుంది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డతో కడగండి. గరుకు బ్రష్షు వద్దు. ఎండాకాలం కట్టిన షేడ్‌నెట్‌ని జూన్ మబ్బుల్లోనూ అలాగే వదిలేస్తే వెలుతురు ఇంకా తగ్గుతుంది, ఆపైన మీ ఇష్టం.

కడిగినా ఆకుల మీద బూజు తెగులు మచ్చలు ఆగడం లేదా? మచ్చలు రూఫు పైపుల కింద వరసగా వస్తున్నాయా? అయితే షీటు తిరగేసి కట్టారేమో చూడండి. దీని దగ్గరే జనం నెలల తరబడి మందులకి డబ్బు పోస్తారు. బొట్లు కట్టకుండా చేసే గుణం ఉన్న షీట్లలో ఆ గుణం ఒక వైపే ఉంటుంది, ఆ వైపు మొక్కల మీదికి రావాలి. రోలు విప్పేటప్పుడు పనివాళ్లు అంచున ఉన్న ముద్ర చూడరు. తెల్లారకముందే లోపలికెళ్లి టార్చి వేయండి. తడి పలచటి పొరలా పాకి అంచుకి జారుతుంటే సరిగ్గా కట్టినట్టే. పూసల్లా వేలాడుతుంటే ఆ బొట్లే ఆకు మీద పడి తెగులు పెంచుతాయి, వెలుతురునీ ఆపుతాయి. అనుమానం తీరకపోతే మిగిలిన ముక్కని వేడి నీళ్ల గ్లాసు మీద ఒకసారి ఇటూ, ఒకసారి అటూ కప్పి కాసేపాగండి. పూసలు కట్టని వైపే లోపలిది.

షీటు కొత్తదైతే గాలి లేని పొద్దున షీటుని పట్టి ఉంచే స్ప్రింగులు ఊడదీసి తిప్పి కట్టండి. ఒకటి రెండు వానాకాలాలు బయట తడిసినదైతే తిప్పినా ఫలితం అంతంతే, మార్చడమే మేలు. అప్పటిదాకా, మంచు రోజుల్లో పొద్దెక్కగానే పక్క తెరలు ఎత్తి తడి బయటికి పోనివ్వండి.

మిగతావి అరుదు. గంధకం, క్లోరిన్ ఉన్న మందులు ఎక్కువ కొడితే షీటు త్వరగా పెళుసవుతుంది. పైపు వేడికి షీటు చీలుతుంటే పైపు మీద షీటు ఆనే చోట తెల్ల పెయింటు వేయండి.